వాడిన నూనెను ఏ పద్దు కింద రాయాలి?

నాలుగేళ్ల కిందట మా వంటింటి సింకులో నీళ్లు దిగడం మానేశాయి. ప్లంబర్ వచ్చి కింద పైపు విప్పి, వంపు దగ్గర నుంచి జానెడు పొడవున్న తెల్లటి ముద్ద ఒకటి బయటికి లాగాడు. చూడ్డానికి మైనంలా ఉంది. గోటితో గీస్తే సున్నంలా రాలుతోంది. ఇదేమిటని అడిగితే "మీ నూనేనమ్మా" అన్నాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. వేయించగా మిగిలిన నూనెను నేనెప్పుడూ ఊరికే పారబోయలేదు. దాని వెనకాలే మరిగే నీళ్లు పోసేదాన్ని, గిన్నెల సబ్బు కూడా కలిపేదాన్ని. అదే మాట ఆయనతో అన్నాను. "నీళ్లు వేడిగా ఉన్నంతసేపే అమ్మా అది కారేది. పదడుగులు వెళ్లాక చల్లారుతుంది, అక్కడ అంటుకుంటుంది. మీ ఇంట్లో కాకపోతే కింద ఇంట్లో. కింద ఇంట్లో కాకపోతే రోడ్డు కింద" అన్నాడు.

ఆ "రోడ్డు కింద" అన్న మాట నన్ను వదల్లేదు. ఆ వారం నుంచే సింకు కింద ఒక ఖాళీ డబ్బా, ఒక గరాటు పెట్టుకున్నాను. వాడేసిన నూనె చల్లారాక వడకట్టి అందులో పోస్తున్నాను. అప్పట్లో నా ఆలోచనంతా బయోడీజిల్ మీదే. పారేసే నూనెతో బండి నడుస్తుందంటే ఎవరికి బాగుండదు? కానీ ఈ నాలుగేళ్లలో నూనె పోగు చేశాను, ఇచ్చాను, తీసుకునేవాళ్లు లేక డబ్బాలు పేర్చుకున్నాను, ఒక చిన్న ప్లాంటుకు వెళ్లి అంతా దగ్గరుండి చూశాను. చివరికి నాకు అర్థమైంది ఇది: ఇళ్లలో వాడిన నూనె సేకరణను ఇంధన పథకంగా లెక్కగట్టినంత కాలం అది నిలబడదు. అది ముందు మురుగు కాలువల పని. డీజిల్ ఆ పని మీద వచ్చే అదనపు లాభం. ఈ వరస తారుమారు చేసి చూస్తున్నాం కాబట్టే, మంచి ఉద్దేశంతో మొదలైన సేకరణ మధ్యలో ఆగిపోతుంది. ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న ప్రశ్నకు జవాబు కూడా ఈ వరసలోనే ఉంది.

ముందు ఆ తెల్లటి ముద్ద సంగతి చెబుతాను. అది గడ్డకట్టిన నూనె అనే నేనూ అనుకున్నాను. కాదు. నూనె వేడికీ నీటికీ విడిపోయినప్పుడు అందులోంచి కొవ్వు ఆమ్లాలు బయటపడతాయి. మురుగు నీటిలో కాల్షియం ఉంటుంది, కాంక్రీటు కాలువల గోడల నుంచి కూడా కొంత కరిగి వస్తుంది. ఈ రెండూ కలిస్తే కాల్షియం సబ్బు తయారవుతుంది. మనం ఒంటికి రుద్దుకునే సోడియం సబ్బులా అది నీళ్లలో కరిగిపోదు. గట్టిపడి గోడకు పట్టేస్తుంది, దాని మీద ఇంకో పొర, దాని మీద మరో పొర. అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు కాలువల్లోంచి తీసిన గడ్డలను పరీక్షించి ఈ సంగతి బయటపెట్టారు. మా పైపు ప్లాస్టిక్‌దే కానీ మా నీళ్లలో సున్నం ఎక్కువ. అందుకే ఆ ముద్ద అలా పొడిపొడిగా రాలింది. నేను పోసిన గిన్నెల సబ్బు చేసిందల్లా నూనెను చిన్న చిన్న బొట్లుగా విడగొట్టి ఇంకాస్త దూరం పంపించడమే.

దూరం పంపించిన నూనె ఎక్కడ తేలుతుందో లండన్ వాళ్లకు తెలిసొచ్చింది. వైట్‌చాపెల్ వీధుల కింద, విక్టోరియా రాణి కాలం నాటి కాలువలో 2017 సెప్టెంబరులో ఒక పెద్ద గడ్డ బయటపడింది. పొడవు 250 మీటర్లు, బరువు 130 టన్నులు. కొవ్వు, తడి వైప్స్, డైపర్లు అన్నీ కలిసి కాంక్రీటులా బిగుసుకుపోయాయి. అక్కడి నీళ్లూ మురుగూ చూసే థేమ్స్ వాటర్ కంపెనీ సిబ్బంది పారలతో, ఒత్తిడితో నీళ్లు చిమ్మే గొట్టాలతో వారాల తరబడి దాన్ని పగలగొట్టారు. అందులో ఒక ముక్కను మరుసటి ఏడాది మ్యూజియం ఆఫ్ లండన్‌లో ప్రదర్శనకు పెట్టారు. కొంత భాగాన్ని బయోడీజిల్ తయారీకి పంపారు.

ఈ చివరి వార్త చదివి చాలామంది సంబరపడ్డారు. నాకు మాత్రం బాధేసింది. వంటింట్లోనే ఒక డబ్బాలో పోసి ఉంటే శుభ్రంగా చేతికి వచ్చే వస్తువును, మనుషులు మురికిలో మోకాళ్ల లోతున నిలబడి, ఊపిరి ఆడని చోట తవ్వి తీశారు. వాళ్లకైనా రక్షణ దుస్తులు, గాలి పరీక్షించే పరికరాలు ఉన్నాయి. అవి కూడా లేకుండా కాలువల్లోకి దిగేవాళ్లు ఈ ప్రపంచంలో ఎంతోమంది ఉన్నారు. మూసుకుపోయిన కాలువలో హైడ్రోజన్ సల్ఫైడ్ పేరుకుంటుంది. కాస్త ఎక్కువైతే ముక్కుకు వాసన కూడా తెలియకుండా పోతుంది, మనిషి అక్కడే కూలిపోతాడు. వాడిన నూనె గురించి రాసేవాళ్లు కార్బన్ లెక్కలతో మొదలుపెడతారు. నేను ఆ మనిషితో మొదలుపెట్టాలనుకుంటాను. మనం పోసే ప్రతి చెంచా నూనె అతన్ని ఇంకోసారి కిందికి దించుతుంది.

ఇక డబ్బాలో పోసిన నూనెకు ఏమవుతుందో చూద్దాం. నేను వెళ్లిన ప్లాంటు పెద్దదేమీ కాదు. ఒక షెడ్డు, గరాటు ఆకారపు అడుగున్న రెండు ట్యాంకులు, పక్కన డ్రమ్ముల వరస. అక్కడ పనిచేసే అబ్బాయి నా డబ్బా చూడగానే మూత తీసి వాసన చూశాడు. "ముందు ఇది చూద్దాం మేడం" అని చిన్న మూకుడు వేడిచేసి, రెండు చెంచాల నూనె అందులో వేశాడు. చిటపటలాడింది. "నీళ్లున్నాయి" అన్నాడు. నేను డబ్బాను కడిగి సరిగా ఆరబెట్టకుండా నూనె పోశానని అప్పుడు తెలిసింది.

తర్వాత కొంచెం నూనెను ఆల్కహాలులో కలిపి, క్షారం తగిలితే రంగు మారే ఫినాఫ్తలీన్ చుక్కలు వేసి, పైనుంచి క్షార ద్రావణాన్ని బొట్టు బొట్టుగా వదిలాడు. లేత గులాబీ రంగు వచ్చి నిలబడేదాకా ఎన్ని బొట్లు పడితే నూనెలో అంత ఆమ్లం ఉన్నట్టు. కొత్త నూనెకు కొద్దిగా పడితే చాలు. పదేపదే మరిగించిన నూనెకు చాలా పడుతుంది. ఎన్నిసార్లు మరిగిందో, ఎంత తేమ తగిలిందో ఆ రంగే చెప్పేస్తుంది. ఆ పరీక్ష చేస్తున్నంతసేపూ అతను ఒక్క మాట మాట్లాడలేదు, కళ్లు బొట్లు కొలిచి వదిలే ఆ గాజు గొట్టం మీదే. తన పని మీద అంత శ్రద్ధ ఉన్న మనిషిని చూస్తే నాకు భలే గౌరవం కలుగుతుంది.

ఆమ్లం లెక్క ఎందుకంటే, మొత్తం ప్రక్రియ దాని మీదే ఆధారపడి ఉంది. నూనె అణువు అంటే ఒక గ్లిజరిన్‌కు పట్టుకుని వేలాడే మూడు కొవ్వు ఆమ్లాల గొలుసులు. ఆ రూపంలో నూనె డీజిల్ కన్నా దాదాపు పది రెట్లు చిక్కగా ఉంటుంది. ఇంజన్లోని ఇంజెక్టర్ సన్నటి రంధ్రాల్లోంచి సరిగా చిమ్మదు, సరిగా కాలదు, మసి పట్టిస్తుంది. దాన్ని పలచన చేయడానికి మిథనాల్ కలుపుతారు. కాస్టిక్ సోడా గానీ కాస్టిక్ పొటాష్ గానీ ఉత్ప్రేరకంగా, అంటే చర్యను వేగంగా నడిపించడానికి, వేసి, 60 డిగ్రీల దగ్గర గంటో రెండు గంటలో కలియబెడతారు. మిథనాల్ 65 డిగ్రీలకు అటూ ఇటుగా మరిగిపోతుంది కాబట్టి వేడి అంతకు మించనివ్వరు. ఒక్కో గొలుసు గ్లిజరిన్‌ను వదిలి మిథనాల్‌ను పట్టుకుంటుంది. కలపడం ఆపి వదిలేస్తే ముదురు గోధుమ రంగు గ్లిజరిన్ అడుగుకు దిగుతుంది, పైన తేనె రంగులో బయోడీజిల్ తేలుతుంది. అంతా సవ్యంగా జరిగితే 100 లీటర్ల నూనెకు సుమారు 20 లీటర్ల మిథనాల్ వేస్తారు. అందులో సుమారు మూడో వంతు మిగిలి వెనక్కి వస్తుంది. చివరికి ఇంచుమించు 100 లీటర్ల ఇంధనం, 10 కిలోల గ్లిజరిన్ చేతికొస్తాయి. ఇంధనాన్ని కడిగి, తేమ ఆరబెట్టి, పరీక్షలు చేస్తారు. యూరప్‌లో ఈఎన్ 14214, అమెరికాలో ఏఎస్‌టీఎం డి6751 అనే ప్రమాణాలు దాటితేనే దాన్ని బయోడీజిల్ అనాలి.

సవ్యంగా జరగకపోతే? ఆ అబ్బాయి అలమరాలోంచి ఒక సీసా తీసి చూపించాడు. లోపల వెన్నలాంటి పదార్థం, అటు నూనె కాదు ఇటు డీజిల్ కాదు. విడిపోయిన ఆమ్లాలు ఎక్కువున్న నూనెలో కాస్టిక్ సోడా వేస్తే, సోడా తన అసలు పని మానేసి ఆ ఆమ్లాలతో కలిసి సబ్బు అయిపోతుంది. నీళ్లుంటే అది మరింత పెరుగుతుంది. ఆ సబ్బు నూనెనూ గ్లిజరిన్‌నూ పట్టుకుని విడిపోనివ్వదు. "ఇది ఒక్క ఇంటి డబ్బా వల్ల మేడం. డ్రమ్ములో పోశాక ఎవరిదో తెలుసుకోలేం" అన్నాడు. దీనికి మందు లేకపోలేదు. ముందుగా సల్ఫ్యూరిక్ ఆమ్లంతో ఒక విడత శుద్ధి చేస్తే ఆ ఆమ్లాలు కూడా ఇంధనంగా మారతాయి. కానీ దానికి సమయం, మిథనాల్, ఖర్చు అన్నీ పెరుగుతాయి.

కాలువలో కాల్షియంతో తయారయ్యేదీ సబ్బే, ఇక్కడ సోడియంతో తయారయ్యేదీ సబ్బే. రెండు చోట్లా ఒకే నూనె, ఒకే ఆమ్లాలు. కాలువ మూసుకుపోవడానికీ, ట్యాంకు పాడైపోవడానికీ మూలం ఒకే వంటింట్లో ఉందని అప్పుడు నాకు స్పష్టంగా కనిపించింది.

ఇంట్లోనే బయోడీజిల్ చేసుకోవచ్చని వీడియోలు చూసి ఉత్సాహపడేవాళ్లకు ఇక్కడే ఒక మాట. దయచేసి వద్దు. మిథనాల్ విషం. మింగితే చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది. ఆవిరి పీల్చినా, చర్మం మీద పడినా ఒంట్లోకి వెళుతుంది. దాని మంట పగటి వెలుతురులో కంటికి ఆనదు. కాస్టిక్ సోడా పడితే ఒళ్లు కాలుతుంది. చివర్లో మిగిలే గ్లిజరిన్‌లోనూ, కడిగిన నీళ్లలోనూ మిథనాల్ ఉంటుంది. అవి మళ్లీ అదే సింకులో పోస్తే మనం మొదలుపెట్టిన పనికి అర్థమే లేదు. ఇంటి వంతు నూనెను పొడిగా, శుభ్రంగా దాచి ఇవ్వడం వరకే. మిగతాది తెలిసినవాళ్లు చేయాలి.

మొక్కల నూనెతో ఇంజన్ నడపడం కొత్త ఆలోచన కాదు. 1900 పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజన్ వేరుశెనగ నూనెతో నడిచింది. రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజన్‌ను ఆ నూనె కోసమే తయారుచేశాడని తరచూ రాస్తుంటారు, అది నిజం కాదు. ఆ ఇంజన్‌ను అక్కడ నడిపింది ఓటో అనే ఇంజన్ల కంపెనీ, ఫ్రెంచి ప్రభుత్వం కోరిక మీద. నూనెను ఆల్కహాలుతో మార్చి ఇంధనం చేయడం మాత్రం బెల్జియంలో మొదలైంది. బ్రస్సెల్స్ విశ్వవిద్యాలయానికి చెందిన షవాన్ 1937లో దాని మీద పేటెంటు తీసుకున్నాడు. మరుసటి ఏడాది బ్రస్సెల్స్ నుంచి లూవెన్‌కు ఒక బస్సు ఆ ఇంధనంతో తిరిగింది. అంటే రసాయన శాస్త్రం తన పని ఎనభై ఏళ్లకు ముందే పూర్తిచేసింది. ఇన్నేళ్లుగా తేలనిది నూనెను వంటింటి నుంచి ట్యాంకు దాకా చేర్చడమే.

ఆ చేరవేతను లెక్కవేసి చూశాను. ఒక ఇంట్లో నెలకు అర లీటరు వాడిన నూనె మిగులుతుందనుకుందాం. కొన్ని ఇళ్లలో అసలుండదు, కొన్నింట్లో ఇంకా ఎక్కువ. ఏడాదికి 6 లీటర్లు. వెయ్యి ఇళ్లు కలిస్తే 6,000 లీటర్లు. సిటీ బస్సు లీటరుకు 3 కిలోమీటర్లు నడుస్తుందనుకుంటే, 18,000 కిలోమీటర్లు. రోజుకు 200 కిలోమీటర్లు తిరిగే బస్సుకు అది 90 రోజులు వస్తుంది. వెయ్యి ఇళ్ల ఏడాది శ్రమ ఒక్క బస్సుకు మూడు నెలలు. బయోడీజిల్‌లో లీటరుకు శక్తి మామూలు డీజిల్ కన్నా 8 శాతం దాకా తక్కువ, కాబట్టి ఆ మూడు నెలలు కూడా పూర్తిగా రావు.

ఇది చిన్న విషయమని నేననను. ఒక బస్సు మూడు నెలలు నడవడం నాకు పెద్ద విషయమే. కానీ ఇదే లెక్కకు రెండో వైపు ఉంది. ఈ 6 లీటర్లు తీసుకోవడానికి ఇంటింటికీ ఒక వ్యాను తిరగాలి. లీటరుకు 10 కిలోమీటర్లు ఇచ్చే వ్యాను 50 కిలోమీటర్లు తిరిగి 20 లీటర్ల నూనె తెచ్చిందంటే, తెచ్చినదాంట్లో నాలుగో వంతు దారిలోనే కాలిపోయినట్టు. డ్రైవరు జీతం వేరు. పెద్ద హోటల్ దగ్గర ఆగితే ఒక్కచోటే డ్రమ్ము నిండుతుంది. అందుకే ఏ దేశంలో చూసినా సేకరించేవాళ్లు ముందు హోటళ్లకు, ఆహార ఫ్యాక్టరీలకు వెళతారు. ఇళ్ల నూనె చాలావరకు అలాగే ఉండిపోతుంది.

మా అపార్ట్‌మెంట్లో జరిగింది ఇదే. మొదటి ఏడాది ఒక సేకరణ సంస్థ వాళ్లు గేటు పక్కన డ్రమ్ము పెట్టారు. నేను, ఇంకో ముగ్గురం కలిసి ఇంటింటికీ తిరిగి చెప్పాం. పెద్దావిడ ఒకరు "ఇన్నాళ్లూ పారబోసి తప్పు చేశానమ్మా" అని తన డబ్బా తానే మోసుకొచ్చి పోశారు. ఎనిమిది నెలలు బాగా నడిచింది. తర్వాత నెలకోసారి వచ్చేవాళ్లు రెండు నెలలకోసారి వచ్చారు. ఆపైన రావడం మానేశారు. ఫోన్ చేస్తే, క్రూడాయిల్ ధర తగ్గింది, ఇంత తక్కువ నూనె కోసం బండి పంపితే గిట్టుబాటు కావడం లేదన్నారు. వాళ్లది అబద్ధమేమీ కాదు. కానీ నిండిన డ్రమ్ము ఎండలో అలాగే ఉండిపోయింది, మూత దగ్గర కారి నేలంతా జిడ్డయింది, వాసన వేసింది. చివరికి ఎవరో దాన్ని కాలువలోకే వంచేశారు. ఆ ఉదయం నేను పడ్డ బాధ ఇప్పటికీ గుర్తుంది. ఎనిమిది నెలల పాటు ఎన్నో ఇళ్లు కాలువకు దూరంగా ఉంచిన నూనె ఒక్క రాత్రిలో ఒకేసారి అందులోకి పోయింది.

అప్పుడే నాకు పద్దుల ఆలోచన వచ్చింది. నూనె విలువను డీజిల్ ధరతో కొలిస్తే, క్రూడాయిల్ పడిన ప్రతిసారీ మన డబ్బా విలువ కూడా పడుతుంది. కాలువ మూసుకుపోవడం మాత్రం క్రూడాయిల్ ధర చూసి జరగదు. ధర ఎంతున్నా నూనె గడ్డకడుతుంది, ధర ఎంతున్నా మనుషులు దిగి తీయాలి, మురుగు రోడ్డు మీదికి పొంగుతుంది, శుద్ధి కేంద్రంలో ఇబ్బంది పెడుతుంది. ఈ ఖర్చంతా ఇప్పటికే ఎవరో భరిస్తున్నారు. మురుగు వ్యవస్థ నడిపే సంస్థ భరిస్తోంది, అంటే మనం కట్టే పన్ను భరిస్తోంది. ఆ డబ్బులో కొంత ముందే, నూనె కాలువలోకి పోకుండా ఆపడానికి పెట్టండి అన్నదే నా వాదన. సేకరణ ఖర్చు మురుగు పద్దులో రాయాలి. ప్లాంటు వాళ్లు నూనెకు ఇచ్చే డబ్బు ఆ ఖర్చును కొంత తగ్గిస్తే సంతోషం. ఒక ఏడాది ఏమీ ఇవ్వకపోయినా బండి ఆగకూడదు.

ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2007లో గ్రీజ్‌సైకిల్ అనే పథకం మొదలైంది. హోటళ్ల నుంచి వాడిన నూనెను ఉచితంగా తీసుకెళ్లేవారు. దాన్ని నడిపింది ఇంధన కంపెనీ కాదు, నగరానికి నీళ్లూ మురుగూ చూసే పబ్లిక్ యుటిలిటీస్ కమిషన్. కాలువల బాధ పడేది వాళ్లే కాబట్టి పని కూడా వాళ్లే భుజానికెత్తుకున్నారు. జపాన్‌లో క్యోటో నగరం ఇంకా ముందే, 1997లో, ఇళ్ల నుంచి వాడిన నూనె తీసుకోవడం మొదలుపెట్టింది. దాంతో చేసిన ఇంధనాన్ని ముందు చెత్త బండ్లలో పోశారు, తర్వాత కొన్ని సిటీ బస్సుల్లో 20 శాతం కలిపి వాడారు. 2004లో రోజుకు 5,000 లీటర్లు తయారుచేయగల సొంత ప్లాంటు కట్టుకున్నారు. నాకు ఇందులో బాగా నచ్చినది చెత్త బండి. అది ఎలాగూ ప్రతి వీధికీ వస్తుంది. నూనె కోసం వేరే వ్యాను తిరగక్కర్లేదు. ఆ బండికే పక్కన ఒక క్యాను తగిలిస్తే, నేను పైన వేసిన 50 కిలోమీటర్ల లెక్క మొత్తం చెరిగిపోతుంది.

సేకరణ ప్రభుత్వ సంస్థ చేతిలో ఉండాలనడానికి ఇంకో కారణం ఉంది, అది నన్ను ఎక్కువ భయపెట్టేది. వాడిన నూనెను కొనేవాళ్లంతా ఇంధనం కోసమే కొనరు. వడకట్టి, రంగు తేల్చి, మళ్లీ వంటనూనెగా అమ్మేవాళ్లున్నారు. చైనాలో "గట్టర్ ఆయిల్" పేరుతో ఈ మోసం పెద్ద ఎత్తున బయటపడింది, ఎంతోమందికి శిక్షలు పడ్డాయి. మరిగిన కొద్దీ నూనెలో ధ్రువ సమ్మేళనాలు అనే చెడు పదార్థాలు పెరుగుతాయి. అవి పాతిక శాతం దాటితే ఇక తినడానికి పనికిరాదని భారత్, ఫ్రాన్స్ వంటి దేశాల నిబంధనలు చెబుతున్నాయి. నా డబ్బా ఎక్కడికి వెళ్లిందో లెక్క లేకపోతే, అది మళ్లీ ఎవరి పళ్లెంలోకో రావచ్చు. ఎవరు తీసుకున్నారు, ఎన్ని లీటర్లు, ఏ ప్లాంటుకు చేరింది అన్నది కాగితం మీద ఉండి తీరాలి.

కాగితం ఉన్నా మోసం ఆగదని యూరప్ అనుభవం. వాడిన నూనెతో చేసిన ఇంధనం వాతావరణానికి మేలు చేస్తుందని అక్కడి చట్టం గుర్తించింది. మామూలు ఇంధనంతో పోలిస్తే హరితగృహ వాయువులు 84 శాతం తగ్గుతాయని 2018 నాటి పునరుత్పాదక ఇంధన ఆదేశం లెక్కగట్టింది. అలాంటి ఇంధనాన్ని, పునరుత్పాదక ఇంధనం ఇంత వాడాలన్న లక్ష్యాల లెక్కలో రెండింతలుగా చూపించుకునే వీలూ ఇచ్చింది. దాంతో గిరాకీ పెరిగి, సముద్రాలు దాటి నూనె దిగుమతి అయింది. అందులో కొంత అసలు వాడిన నూనె కాదనీ, కొత్త పామాయిల్‌కు ఆ పేరు పెట్టి అమ్ముతున్నారనీ అనుమానాలు, దర్యాప్తులు మొదలయ్యాయి. ఇప్పుడు విమానాలు కూడా ఈ నూనె కోసం పోటీపడుతున్నాయి. 2023 నవంబరు 28న వర్జిన్ అట్లాంటిక్ విమానం లండన్ నుంచి న్యూయార్క్‌కు పూర్తిగా శిలాజేతర ఇంధనంతో ఎగిరింది. అందులో అధిక భాగం వాడిన నూనెలు, వ్యర్థ కొవ్వుల నుంచి వచ్చిందే. వేల మైళ్ల దూరం నుంచి అనుమానంగా నూనె తెప్పించుకుంటూ, కాళ్ల కింద కాలువలోకి నిజమైన వాడిన నూనెను వదిలేయడం నాకు ఏ విధంగానూ సబబుగా అనిపించదు.

బస్సులు, కార్లు అన్నీ కరెంటు మీదికి మారిపోతుంటే ఈ బయోడీజిల్ ఎవరికని మా తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్నే. ఇంధన పథకంగా చూస్తే నిజంగానే కంగారు పడాల్సిన ప్రశ్న. కాలువ వైపు నుంచి చూస్తే కంగారేమీ లేదు. బస్సులు మారినా మనం వేయించుకోవడం మానం, నూనె మిగులుతూనే ఉంటుంది, అది ఎక్కడికో వెళ్లాలి. ఓడలు, విమానాలు, జనరేటర్లు ఇంకా చాలాకాలం ద్రవ ఇంధనం మీదే నడుస్తాయి. అదీ వద్దంటే సబ్బుల తయారీ ఉంది. కొనేవాడు మారతాడు, మన డబ్బా అలాగే ఉంటుంది.

బయోడీజిల్‌లో లోపాలు లేవని చెప్పడం నా ఉద్దేశం కాదు. చలికి మామూలు డీజిల్ కన్నా ముందే గడ్డకడుతుంది, పాత ఇంజన్ల రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది, ఎక్కువ కాలం నిల్వ ఉంటే పాడవుతుంది. అందుకే సాధారణంగా మామూలు డీజిల్‌లో కొంత శాతం కలిపి వాడతారు. ఇవన్నీ ఇంజనీర్లకు తెలిసినవే, వాళ్లు చూసుకోగలరు.

మన చేతిలో ఉన్నది మాత్రం చెబుతాను. నూనె పూర్తిగా చల్లారాక సన్నటి జాలీలోంచి వడకట్టండి. అడుగున మిగిలిన మడ్డి డబ్బాలో పోయకండి, కాగితంతో తుడిచి చెత్తలో వేయండి. మూకుడుకు అంటుకున్న జిడ్డు కూడా కడిగే ముందు కాగితంతో తుడిస్తే సింకులోకి వెళ్లేది చాలా తగ్గుతుంది. డబ్బా పూర్తిగా ఎండాలి, ఒక్క చుక్క తడి ఉండకూడదు. వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బా మేలు, గాజు పగిలితే ఇల్లంతా జిడ్డే. ఇంజన్ ఆయిల్, నెయ్యి కరిగిన నీళ్లు, పులుసు మీద తేలిన తెట్టు ఇందులో కలపకండి. వెలుతురు తగలని చోట, మూత బిగించి ఉంచండి. "ఇంకొక్కసారి వాడదాం" అనిపించే నూనెను ఆ ఒక్కసారి వాడకుండా డబ్బాలో పోసేయండి. ఇవ్వడానికి ఒక చోటు ఉందని తెలిశాక మా ఇంట్లో ఆ ఇంకొక్కసారి తగ్గింది. దాంతోపాటు వేయించడమే తగ్గింది. ఎంత నూనె మిగులుతోందో డబ్బాలో కళ్లెదుట కనిపిస్తుంటే మూకుడు నిండా పోయడానికి చెయ్యి వెనకాడుతుంది.

ప్రస్తుతం మా ఇంట్లో రెండు డబ్బాలు నిండి ఉన్నాయి. మూడోది సగానికి వచ్చింది. మూడు నెలలకోసారి నేనే బస్సులో ఆ ప్లాంటుకు తీసుకెళుతున్నాను. పోయినసారి ఆ అబ్బాయి మూకుడులో నూనె వేస్తే చిటపటలాడలేదు. "బాగుంది మేడం" అని మాత్రం అని డ్రమ్ములో ఒంపేశాడు. కానీ అందరూ బస్సెక్కి వెళ్లలేరు కదా. అందుకని మా ప్రాంతపు మురుగు నిర్వహణ కార్యాలయానికి ఒక ఉత్తరం రాశాను. మా వీధుల్లో కాలువ ఏడాదికి ఎన్నిసార్లు మూసుకుపోతోంది, తీయించడానికి ఎంత ఖర్చవుతోంది, అందులో ఎన్నిసార్లు కారణం నూనె గడ్డ, అని మూడే ప్రశ్నలు అడిగాను. మా బ్లాకులో పద్దెనిమిది మంది సంతకం చేశారు. తన డబ్బా తానే మోసుకొచ్చిన ఆ పెద్దావిడ సంతకం అందరికన్నా పైన ఉంది.